చింతగింజల ఎన్నిక

1970 వేసవిలో ఖతర్ పడమటి తీరాన ఒక చమురు కంపెనీ క్యాంపుకు నన్ను సిబ్బంది గుమాస్తాగా వేశారు. కూలీల హాజరు, సెలవులు, ఫిర్యాదులు నా పని. ఆ దేశం ఇంకా బ్రిటిష్ రక్షణ కిందే ఉంది. క్యాంపులో తెల్ల సూపరింటెండెంట్ మాటే చట్టం. కూలీల తరఫున మాట్లాడాల్సిన కమిటీ పెద్దను కూడా ఆయనే నియమించేవాడు. ఏటా ఆ పదవి హమీద్‌దే. నిజామాబాద్ వాడు, ఒక గ్యాంగుకు ముఖద్దమ్, అంటే మేస్త్రీ. మంచివాడే గానీ దొర ముందు నోరు పెగిలేది కాదు.

ఆ ఏడు మిట్టమధ్యాహ్నం పైపులు మోస్తూ జగిత్యాల నుంచి వచ్చిన కూలీ రాజయ్య తమ్ముడు సొమ్మసిల్లి పడిపోయాడు.

"డ్యూటీ తెల్లారగట్లకు మార్చాలె సార్. లేకుంటే మావోడు శవమై పెట్టెల ఇంటికి పోతడు" అన్నాడు రాజయ్య.

పెద్దను మేమే ఎన్నుకుంటామని కూలీలు పట్టుబట్టారు. రాజయ్య పోటీకి నిలబడ్డాడు. బ్రిటిష్ వాళ్లు గల్ఫ్ వదిలి వెళ్తారని అప్పటికే అందరికీ తెలుసు కనుక దొర కాదనలేకపోయాడు. కానీ ఎన్నిక సవ్యంగా జరక్కపోతే పాత పద్ధతే అన్నాడు.

మన దేశంలో ఎన్నికల డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి ఏర్పాట్లు నా మీద పడ్డాయి. చాలామందికి చదువు రాదు. రెండు నెయ్యి డబ్బాలు తెప్పించి హమీద్ దానికి ఎర్రగుడ్డ, రాజయ్య దానికి తెల్లగుడ్డ కట్టి దుప్పటి చాటున పెట్టించాను. ఓటుకు ఒక ఖర్జూరపు గింజ చాలని అభ్యర్థులిద్దరూ ఒప్పుకున్నారు.

సాయంత్రం డబ్బాలు బోర్లిస్తే ఇంకేముంది, గింజల గుట్ట! ఉన్న మనుషులకు రెట్టింపు. ఖర్జూరం తినే దేశంలో ఎవరి జేబులో చూసినా గింజలే కదా. ఎవరయ్యా ఈ పని చేసిందని అరిచాను.

"రాజయ్యంటే మస్తు పానం సార్. ఒక్క గింజ ఏం సరిపోతది?" అన్నాడొకాయన, ఏ మాత్రం బెదరకుండా.

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. దొర మాత్రం హాయిగా నవ్వి, వీళ్లకింకా ఆ యోగ్యత రాలేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. మన దేశంలో మా నాన్నల తరాన్నీ తెల్లవాళ్లు ఈ మాటతోనే కూర్చోబెట్టారు. మళ్లీ పోలింగ్‌కు ఒక్క రోజు ఇమ్మని పట్టుబట్టి సాధించాను.

దారి చూపింది హైదరాబాద్ వంటమనిషి ఖాసిం భాయ్.

"ఖజూర్ ఎందుకు సాబ్? నా తాన చింతగింజలున్నయ్. ఊరి చింతపండుల నుంచి ఏరి పెట్టిన. ఈ ఎడారిల ఇంకెవని దగ్గర దొరుకుతయ్?"

ఆ మూట తెచ్చి దొర బల్ల మీదే పెట్టాను. మర్నాడు ఒక్కొక్కరికి ఒక్క గింజ. వరసలో హమీద్, రాజయ్య పక్కపక్కనే నిలబడి "యల్లా, యల్లా" అంటూ జనాన్ని కదిలించారు. ఈసారి లెక్క సరిపోయింది.

కొద్ది తేడాతో హమీద్ గెలిచాడు. రాజయ్య ముఖం చూడలేకపోయాను. తమ్ముడి బతుకు మళ్లీ ఎండపాలే అనుకున్నాను.

తెల్లారి హమీద్ దొర గదికి తోడు రమ్మని నా దగ్గరికొచ్చాడు. డ్యూటీ వేళల సంగతి అడగాలన్నాడు. ఇన్నేళ్లూ లేనిది ఇవాళేమిటని అడిగాను.

"ఇన్నొద్దులు నన్ను దొర పెట్టిండు సాబ్. ఇప్పుడు వీళ్లు పెట్టిన్రు. రేపు రాజయ్య పక్కన కూసోని చాయ్ తాగాలె గదా!"

లోపలికెళ్లి, డ్యూటీ వేళలు మార్చేదాకా కదలనన్నాడు. జనం ఎన్నుకున్నవాణ్ణి తోసిపుచ్చలేక దొర సరేనన్నాడు. ఆ వారమే మధ్యాహ్నపు డ్యూటీ ఆగింది. రాజయ్య తమ్ముడు ఆ వేసవి గట్టెక్కాడు.

మరుసటి ఏడు ఆ దేశం స్వతంత్రమైంది. హమీద్ మారలేదు, అతణ్ణి నిలబెట్టినవాళ్లు మారారు. అంతకుమించి ఎన్నిక గురించి నేను నేర్చుకున్నది లేదు.