రత్నరాజు గారు ప్రశ్న మార్చుకున్నారు

మా కంపెనీ టెస్ట్ ల్యాబ్ తలుపు తీయగానే కాలిన రబ్బరు వాసన గుప్పుమంటుంది. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది ఇంటి వాసన. మొన్న పొద్దున ఆ వాసన మధ్య నడుస్తుండగా ఫోన్ మోగింది. ఇక్కడి తెలుగు మహిళల బృందం నుంచి ఒకావిడ. "శైలజ గారూ, మీరు కంపెనీ ప్రెసిడెంట్ కదా, లీడర్‌షిప్ స్కిల్స్ మీద ఒక అరగంట మాట్లాడాలండి, స్లైడ్స్ ఉంటే ఇంకా బాగుంటుంది" అంది. సరేనన్నాను. సాయంత్రం కూర్చుని మొదటి స్లైడ్ మీద "దూరదృష్టి" అని రాశాను, రెండోదాని మీద "స్పష్టమైన సంభాషణ" అని రాశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ రెండూ నేను ఏ స్లైడ్‌లోనూ చూసి నేర్చుకోలేదు. రత్నరాజు గారి దగ్గర నేర్చుకున్నాను, అది కూడా నేను చేసిన ఒక వెధవ పని వల్ల. అందుకే స్లైడ్లు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

రత్నరాజు గారిది బాపట్ల. చదువుకని అమెరికా వచ్చి, డెట్రాయిట్ చుట్టూ ఉన్న కార్ల పరిశ్రమలోనే జీవితమంతా గడిపారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఆఫీసులో ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంట్. రబ్బరు గురించి ఆయనకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని చెప్పుకునేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, కోపం ముక్కు మీదే ఉండేది. ఆదివారం తెలుగు చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు శ్రుతి వెతుక్కోవలసి వచ్చేదని ఆయన భార్య సుగుణ ఆంటీయే చెప్పి నవ్వేది. మీటింగులో నాతో ఇంగ్లిష్, మీటింగు బయట తెలుగు. నన్ను ఇంటర్వ్యూ చేసింది ఆయనే, నా గ్రీన్‌కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టిందీ ఆయనే. మంచి మనిషి అని అప్పుడూ తెలుసు. కానీ ఆయనంటే హడలు. ఆయన తానా అంటే మేమంతా తందానా అనేవాళ్లం. అమెరికన్లు కూడా.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. బ్రేకుల్లో నూనె కారకుండా పట్టి ఉంచే ఒక చిన్న రబ్బరు ఉంగరం ఉంటుంది, సీల్ అంటాం. ఒక కార్ల కంపెనీ కోసం కొత్త సీల్ తయారుచేసే పని నాది. ఉత్తరాన గడ్డకట్టిన సరస్సుల దగ్గర వాళ్ల డ్రైవర్లు కొత్త కార్లను మంచు మీద నడిపి చూస్తారు. ఆ కార్లకు మా సీళ్లు వెళ్లాలి. చలి గదిలో పన్నెండు సీళ్లు పెట్టి పరీక్షించాను. రెండు పగిలాయి.

ఆ సాయంత్రమే చెప్పాలి. చెప్పడానికే బయల్దేరాను కూడా. వరండాలో ఎదురయ్యారు రత్నరాజు గారు, ఒక చేయి కోటులో దూర్చి, రెండో చేయి కోసం వెతుక్కుంటూ, పక్కన నలుగురు మేనేజర్లతో. "ఏమ్మా, సీళ్లు వచ్చే సోమవారం షిప్ చేసేస్తున్నాం కదా? అయిపోతుందిగా?" అన్నారు నడుస్తూనే.

"అయిపోతుందండీ" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. పెద్దాయన నలుగురి ముందు అడిగితే కాదనడం మనకు చిన్నప్పటి నుంచి ఎవరూ నేర్పరు. ఇంకో వారం ఉంది కదా, ఈలోగా సరిచేసేద్దాం అనుకున్నాను. వారం వారం మీటింగులో మా పనుల పట్టిక గోడ మీద వేసేవారు. సవ్యంగా ఉంటే పచ్చరంగు, లేకపోతే ఎరుపు. నా గడికి పచ్చరంగు నేనే వేశాను. ఆ తర్వాత మళ్లీ పరీక్షిస్తే పన్నెండులో ఐదు పగిలాయి. అప్పుడు చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే మొదటి అబద్ధం కూడా చెప్పాలి. మా ఆయన సుధీర్ "వీసా మీద ఉన్నాం శైలూ, ఆయనకి కోపం వస్తే వెంటనే పెట్టె సర్దుకోవాలి. కాస్త చూసి మాట్లాడు" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను తొమ్మిది రోజులు.

ఆదివారం పొద్దున దోసె ముందు కూర్చున్నాను గానీ తినకుండానే లేచాను. మర్నాడు ఆ సీళ్లు లారీ ఎక్కుతాయి. మంచు మీద బ్రేకు నొక్కే డ్రైవరు ఎవరో నాకు తెలియదు, అయినా వాడి కాలే కనిపిస్తోంది నాకు. సుధీర్‌కి చెప్పి తాళాలు తీసుకుని నేరుగా రత్నరాజు గారి చర్చికి డ్రైవ్ చేశాను. ప్రార్థన అయిపోయి, భోజనాలు కూడా ముగిసి, రత్నరాజు గారు హాల్లో మడత కుర్చీలు గోడకు చేరవేస్తున్నారు. నన్ను చూసి "అరె, శైలజా, భోంచేశావా? పులిహోర ఇంకా ఉందమ్మా" అన్నారు.

"సార్, సీళ్లు పగులుతున్నాయండీ."

"ఎన్ని?"

"మొదట రెండు. తర్వాత ఐదు."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"తొమ్మిది రోజుల్నించి."

చేతిలో కుర్చీ కింద పెట్టారు. ముఖం ఎర్రబడింది. అరుస్తారనుకున్నాను. అరవకుండా చాలా మెల్లిగా అన్నారు, "ఆ బండ్లలో మనుషులు కూర్చుంటారమ్మా." అంతే. ఆ మాటకి నేను అక్కడే ఏడ్చేశాను. సుగుణ ఆంటీ మంచినీళ్లు పట్టుకొచ్చింది. ఆయన అప్పటికే ఫోన్ తీసి ఆ కార్ల కంపెనీ చీఫ్ ఇంజనీరును ఇంటి నంబర్‌లో పట్టుకున్నారు. "మా సీళ్లు చలికి నిలబడటం లేదు. రేపు పంపడం లేదు. మా ఇంజనీరు పట్టుకుంది. ముందే చెప్పలేకపోయాం, దానికి జవాబుదారీ నేను" అన్నారు ఇంగ్లిష్‌లో. అవతల ఆయన చాలాసేపు తిట్టినట్టున్నాడు. రత్నరాజు గారు "అవును", "నిజమే" అంటూ నిలబడ్డారు.

ఫోన్ పెట్టేశాక "దాచింది నేను కద సార్" అన్నాను.

"ఆ సంగతి నీకూ నాకూ మధ్య. రేపు మాట్లాడదాం" అన్నారు.

సోమవారం మీటింగుకి వెళ్తూ, ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన అందరినీ కూర్చోబెట్టి, సీళ్ల సంగతి చెప్పి, నా పేరెత్తకుండా ఇలా అన్నారు: "నేను కోటు తొడుక్కుంటూ, పరుగెడుతూ, నలుగురి ముందు అడిగాను. అది అడగడం కాదు. నాకు కావలసిన జవాబు ఆర్డర్ చేయడం. నేను ఆర్డర్ చేసిందే నాకు వచ్చింది." తర్వాత గోడ మీది పట్టిక చూపించి, "పదకొండు పనులున్నాయి, పదకొండూ పచ్చగానే ఉన్నాయి. నేను ఇల్లు కట్టినప్పుడు కూడా ఇంత బాగా జరగలేదు. నేను కాఫీ తెచ్చుకుంటాను, ఈలోగా నిజం రంగులు వేయండి" అని బయటకు వెళ్లిపోయారు.

కాఫీతో తిరిగొచ్చేసరికి ఐదు ఎర్రబడ్డాయి. ఆయన ఒక్కొక్కటీ చూసి, "థాంక్యూ" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన "అయిందా?" అని అడగడం మానేశారు. మా బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏది కావడం లేదు?" అని అడిగేవారు. అడిగి ఊరుకునేవారు. ఆ మౌనం భరించడం ఆయనకే కష్టంగా ఉండేది, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చునేవారు. మనిషి ఒక్కరోజులో మారిపోయాడంటే నమ్మకండి. రెండు వారాలకే డేవ్ అనే మా టెస్టింగ్ మేనేజర్ మీద గట్టిగా అరిచారు. డేవ్ "అరిస్తే గుర్తు చేయమన్నారు మీరే" అన్నాడు. ఆయన కాసేపు గుర్రుగా చూసి, "సరే, మళ్లీ మొదటి నుంచి చెప్పు" అన్నారు.

నన్ను వదిలేశారని కూడా అనుకోకండి. పగిలిన సీళ్లు ఒక డబ్బాలో వేసి నా చేతికిచ్చి, ఆ కస్టమర్ ఇంజనీర్ల ముందు నన్నే నిలబెట్టారు. ఏ రోజు ఏది పగిలిందో, ఏ రోజు చెప్పవలసిందో, ఎందుకు చెప్పలేదో అన్నీ నా నోటితోనే చెప్పించారు. పక్కన ఆయన కూర్చున్నారు. నేను తడబడినప్పుడు కూడా అందుకోలేదు. రబ్బరు మిశ్రమం మార్చాం, రెండు నెలలు ఆలస్యమైంది, ఈసారి ఒక్కటీ పగల్లేదు. కస్టమర్ మమ్మల్ని వదల్లేదు. నా ఉద్యోగమూ పోలేదు.

మరుసటి ఏడు కంపెనీ ప్రెసిడెంట్ కుర్చీ ఖాళీ అయింది. అది రత్నరాజు గారిదేనని అందరం అనుకున్నాం. బయటి నుంచి ఎవరినో తెచ్చారు. ఎందుకో నాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. ఆయన మామూలుగానే పనిచేసి, కొన్నేళ్లకు రిటైరై, జార్జియాలో కమ్మింగ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నాలుగేళ్ల కిందట అదే కుర్చీ నాకొచ్చింది. సుగుణ ఆంటీ ఫోన్ చేసి దీవించి, మాటల్లో అనేసింది: "ఇది అంకుల్‌కి రావాల్సిందేనమ్మా. ఆ సీళ్ల గొడవ బోర్డువాళ్లు మర్చిపోలేదు. పోన్లే, నీకొచ్చింది, మన ఇంట్లోకి వచ్చినట్టే."

ఆ శుక్రవారమే ఫ్లైట్ బుక్ చేసుకుని కమ్మింగ్ వెళ్లాను. ఆయన వంటింటి బల్ల దగ్గర గోంగూర ఆకులు తుంచుతున్నారు. నేనూ ఒక కట్ట తీసుకుని కూర్చున్నాను. సగం కట్ట అయ్యాక అన్నాను.

"సార్, నా వల్లే మీకు ఆ పోస్ట్ రాలేదట కదా. నాకు తెలియదండీ."

"రాలేదు. బాధపడ్డాను కూడా, అబద్ధమెందుకు. ఓ ఆర్నెల్లు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మీ ఆంటీనడుగు."

"నేను మొదటి రోజే చెప్పి ఉంటే..."

"నువ్వు ఆదివారం నాడైనా వచ్చావు" అన్నారు. ఆకు తుంచడం ఆపారు. "నీ వయసులో నా దగ్గరా పగిలిన సీళ్లు ఉన్నాయి శైలజా. మా బాస్ కూడా నాలాంటివాడే. నేను వెళ్లలేదు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ కాలేదని తెలిసేవరకు రెండు చలికాలాలు నిద్రపోలేదు. నువ్వు ఆ హాల్లోకి వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది నీ మీద కాదు. నేను మా బాస్‌నయిపోయానే అని."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. గోంగూర పసరు ఇద్దరి చేతులకూ అంటుకుంది. ఆంటీ వచ్చి, "ఇద్దరూ కలిసి గంటకి ఒక్క కట్ట తుంచారు, మీ కంపెనీ ఎట్లా నడుస్తోందే?" అంది.

ఇప్పుడు నా గొంతు పెద్దది కాదు గానీ, నేనంటే భయపడేవాళ్లు ఉన్నారు. కుర్చీకి ఆ భయం దానంతట అదే వస్తుంది, మనం మంచివాళ్లమైనా సరే. అందుకే వారం రోజులుగా నా దగ్గరికి ఒక్క చెడ్డ కబురూ రాకపోతే, అంతా బాగుందని అనుకోను. కింద ఎవరో తొమ్మిది రోజులుగా నిద్రపోవడం లేదని అనుకుంటాను. లేచి వాళ్ల దగ్గరికి వెళ్తాను.