కూలర్ ఆపిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారని గౌలిపుర నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "బాపు పోయిండన్నా. చాయ్ తాగుకుంటనే ఒరిగిండు." నేను ఉప్పుగూడ స్టేషన్లో ఉన్నాను. ఎక్కాల్సిన రైలు వచ్చింది, వెళ్లిపోయింది. అలాగే నిలబడ్డాను.

కాలేజీ ల్యాబ్‌లో ఆయన పాత టెక్నీషియన్. నేను ఆయన కింద సహాయకుణ్ణి; డిగ్రీ మధ్యలో వదిలేసి, ఫోన్లో వీడియోలు చూసి పని నేర్చుకున్నవాణ్ణి. గిరగిర తిరిగే గాజు పలక మీద పెరోవ్‌స్కైట్ అనే రసాయన ద్రావణం చుక్క వేసి, కంటికి ఆనని మందంలో పొర తీయాలి. అది వెలుతురును పసిగట్టే సెన్సర్; దాని మీద వెలుతురు పడితేనే కరెంటు పుట్టాలి. పొరలో సన్నని చిల్లులున్నా చాలు, చీకట్లోనూ కరెంటు కారుతుంది. ఇక దాన్ని నమ్మలేం.

నిరుడు ఎండాకాలం నేను తీసిన ప్రతి పొరా చిల్లులే. శనివారంలోగా ఒక్కటైనా బాగా రాకపోతే పని మానుకొమ్మన్నారు మా ల్యాబ్ ప్రొఫెసర్. ఒళ్లు మండిపోయింది. ద్రావణం కలిపే పొడి డబ్బాను బల్ల మీద గుద్ది అరిచాను: "కల్తీ పొడి తెచ్చి మా నెత్తిన రుద్దుతున్నరు!"

ఉస్తాద్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"లొల్లి సాలు గానీ, ఆ కూలర్ ఎవలు పెట్టిన్రు?"

"నేనే. ఉడికి సస్తున్నం గద ఉస్తాద్!"

"నీకు మస్తు సల్లగున్నది. అది నీళ్ల గాలిరా. పొరకు తడి తగుల్తున్నది."

చల్లదనం కోసం నేనే తెచ్చి, రోజూ నేనే నీళ్లు నింపిన కూలర్ అది.

ఉస్తాద్ దాన్ని ఆపేశారు. మూడు రోజులు ఇద్దరం చెమటలో నానాం. ఆయన చెయ్యి నాకంటే నిదానం, నాకంటే ఖచ్చితం. అయినా ఒక్క పలకా ముట్టలేదు. "నేను తీస్తే నా పొర ఐతది. నువ్వే తియ్యి."

శుక్రవారం మధ్యాహ్నం వేడి పళ్లెం మీద పసుపుపచ్చటి పొర నల్లబడి అద్దంలా మెరిసింది. ఉస్తాద్ దాన్ని పాత మీటరుకు తగిలించి, దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టారు. ముల్లు సున్నాకు దిగింది. తీశారు, లేచింది.

"సూడు. అబద్ధమాడ్తలేదు."

నా ఉద్యోగం నిలిచింది. ప్రొఫెసర్ రాసిన పరిశోధన పత్రంలో మాత్రం ఆయన పేరు లేదు. నేను కొట్లాటకు లేస్తే, "ఫికర్ జెయ్యకురా, రేపటి పలకలు కడుగు" అన్నారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. మోసి మోసి అలసిపోయాను, అంతే.

దహనం మర్నాడు ల్యాబ్‌కు వెళ్లాను. ఎవరో కూలర్ వేసి పెట్టారు. ఆపాను. దాని మీద ఆయన తువ్వాలు ఆరేసింది ఆరేసినట్టే ఉంది. పొర తీశాను, మీటరుకు తగిలించాను, దీపం వేశాను. ముల్లు లేచింది.

ఇక చెయ్యి అడ్డం పెట్టి, ముల్లు సున్నాకు దిగుతుందో లేదో చూడాలి. చాలాసేపు పెట్టలేదు. ముల్లు అలాగే పైన నిలబడి ఉంది.