సీలు విప్పని ఇంజిన్

చింతామణిలో మా పైపుల అంగడి గోడకు ఆనుకునే నందీశ్ షెడ్డు ఉంది. టమోటా టెంపోలకు, బోరు లారీలకు ఇంజిన్లు విప్పి బిగించడం వాడి పని. పొద్దున్నే నేను అంగడి తెరిచి సాంబ్రాణి వేస్తానా, సరిగ్గా అప్పుడే వాడు ఏదో ఒక లారీని స్టార్ట్ చేసి నల్లటి పొగ నా దేవుడి పటం మీదికి వదులుతాడు. దాని మీద మాకు రోజూ గొడవే. అలాంటివాడు ఒకరోజు వచ్చి రేసు కారు చేస్తానన్నాడు. కడుపుబ్బ నవ్వాను. తోలేది తన భార్య అంబిక అన్నాడు. నవ్వడం ఆపేశాను.

అంబిక పుట్టిల్లు చాకవేలు. పెళ్లికి ముందే వాళ్ల నాన్న టెంపోలో టమోటా బాక్సులు వేసుకుని మార్కెట్టుకు తోలిన పిల్ల. అయినా టెంపో తోలడం వేరు, హెల్మెట్టు పెట్టుకుని మట్టి ట్రాకులో పందెం తోలడం వేరు. నందీశ్ తల్లి సుజాతమ్మ ఆ మాట విన్న రోజు పొయ్యి మీది ఎసరు దించేసి వీధిలోకొచ్చింది.

"కోడల్ని చంపుకునేకి తెచ్చుకున్యామా ఏమిరా?" అని అందరూ వినేట్టు అరిచింది. ఆ రోజు నుంచి అంబికతో మాట్లాడటం మానేసింది. కంచం ముందు పెడుతుంది, మాట మాత్రం లేదు. అంబిక నా భార్య దగ్గర కూర్చుని ఏడ్చింది. "పందెం ఇడిసిపెట్టలేనక్కా, అత్తనూ ఇడిసిపెట్టలేను. ఒక్క తూరి బాగా తోలి చూపిస్తే మాట్లాడుతాదేమో," అంది. నాకు సుజాతమ్మ మీద ఒళ్లు మండిపోయింది.

ఆ పందెంలో అందరికీ ఒకే రకం ఇంజిన్. కంపెనీవాళ్లు బోల్టులకు సీలు వేసి, చెక్క పెట్టెలో పెట్టి పంపుతారు. సీలు తెగిందంటే పందెం నుంచి ఇంటికే. బెంగుళూరు వాళ్లు విదేశీ సామాన్లు తెప్పించి బయట బయటే బిగించుకుంటారు. నందీశ్‌కు అంత స్తోమత ఎక్కడిది?

"లోపల తాకేకి లేదు కదప్పా. బలం బయట యాడ యాడ కారిపోతాండాదో చూస్తా," అన్నాడు.

ఇంజిన్ పుట్టించే బలంలో కొంత దాని ఫ్యాను తిప్పుకోవడానికే పోతుందట. ఆ ఫ్యాను పీకేసి, పాత సామాన్లమ్మే గుజిరీలో దొరికిన కరెంటు ఫ్యాను పెట్టాడు. ఇంజిన్ తన వేడిగాలినే తాను పీలుస్తోందని, నా అంగట్లో పైపు ఒకటి వేడిచేసి వంచి, కారు ముందు నుంచి చల్లగాలి తెచ్చాడు. పొగగొట్టాలు కోసి మళ్లీ అతికాడు. కార్బురేటర్లో పెట్రోలు ఎంత దిగాలో తేల్చే చిన్న ఇత్తడి జెట్లుంటాయి, వాటిని మార్చి మార్చి చూశాడు. చివరికి బెంగుళూరులో రోలర్ల మీద కారెక్కించి కొలిపిస్తే ఇరవై హార్స్ పవర్ పెరిగింది. కొలిచినవాడు తన మిషనే చెడిందనుకుని మళ్లీ కొలిచాడు. సీలు సీలుగానే ఉంది. నా పైపు ఇంత పని చేసిందని అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

గూళూరు దాటాక ఒక బీడులో పందెం. అంగడి మూసి నేనూ పోయాను. ఆ పొద్దున గాలి బాగా చల్లగా ఉందని నందీశ్ కార్బురేటర్ మీది గాలి ఫిల్టరు విప్పి జెట్లు మార్చాడు. అంతలో మైకులో పేరు పిలిచారు. పరిగెత్తిపోయి సంతకం పెట్టి, పరిగెత్తుకొచ్చి ఫిల్టరు బిగించాడు.

రెండో చుట్టులో అంబికే ముందుంది. ఈలలు వేసి వేసి నా నోరెండిపోయింది. మలుపు దగ్గర అన్ని ఇంజిన్లూ గొంతు తగ్గించాయి. మాది తగ్గలేదు. అదే అరుపుతో కారు గట్టు ఎక్కి, గాల్లోకి లేచి, పక్క చేన్లో పడింది. దుమ్ము లేచింది. అరుపు ఆగిపోయింది. దేవుడా అనుకుంటూ పరిగెత్తాను.

మేం చేరేసరికి అంబిక కారు పక్కన మట్టిలో కూర్చుని ఉంది. మోచెయ్యి చీరుకుపోయింది, అంతే.

"యాక్సిలేటరు మీంచి కాలు తీసేసినా పరిగెత్తాంది. నేనే తాళం తిప్పి ఆపేస్తి, అందుకే నిలిచింది," అంది.

నందీశ్ ఏడుస్తూనే ఫిల్టరు విప్పాడు. కార్బురేటర్ లోపల గాలిని మూసే రేకు సగంలో ఇరుక్కుని ఉంది. రేకుకూ గోడకూ మధ్య నుంచి పట్టకారుతో ఏదో లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. పసుపు పూసిన బియ్యపు గింజ. అక్షింత!

"ఇది దీంట్లోకి యాన్నుంచి వచ్చె?" అన్నాను. నాకు నిజంగా బుర్ర పనిచేయలేదు.

వెనక నుంచి ఎవరో "అయ్యో" అన్నారు. సుజాతమ్మ! ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేసింది. మా వైపు ఊళ్లలో బోరు మోటారు దించినా, శిడ్లఘట్టలో పట్టు తీసే మిషను పెట్టినా, అక్షింతలు వేయనిదే స్విచ్చి వేయరు. కోడలికి మొహం చూపించలేక, కారు దగ్గర ఎవరూ లేనప్పుడు ఇంజిన్‌కు దండం పెట్టి అక్షింతలు వేసిపోయిందట. నందీశ్ సంతకానికి పరిగెత్తినప్పుడు. వాడు కార్బురేటర్ నోటికి గుడ్డ కూడా కప్పకుండా వదిలిపోయినప్పుడు.

"దానికి పైన నోరుంటాదని నాకేం తెలుసురా? నా కోడల్ని చల్లగా చూడమని ఏస్తి. నేనే చంపబోతినే!" అని నెత్తి కొట్టుకుంది.

అప్పటిదాకా తిట్టుకున్న మనిషి చేతులు నేనే పోయి పట్టుకున్నాను.

అంబిక లేచింది. హెల్మెట్టు తీసి నందీశ్ చేతికిచ్చింది. అత్త ముందు మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది.

"మోటారుకెందుకత్తా? నా నెత్తిన ఎయ్యి," అంది.

సుజాతమ్మ కొంగు ముడి విప్పింది. తొందరలో మిగిలిన గింజలన్నీ నేలపాలయ్యాయి. ఒట్టి అరచేతినే కోడలి తల మీద పెట్టి, "లెయ్యమ్మా," అంది.