వరస మార్చి పెట్టు

హైస్కూల్లో చేరిన మొదటి రెండేళ్ళలో మా పిన్నికి మూడు క్యాసెట్లు దక్కాయి. మొదటిది పాటల షాపతను ఇచ్చాడు. రోజూ స్కూలు వదిలాక వాళ్ళ గుమ్మంలో నిలబడి ఊరికే వినిపోయే ఈ పిల్లకి, దుకాణం ఎత్తేసే రోజున పిలిచి మరీ చేతిలో పెట్టాడట. రెండోది మూడు నెలలు బస్సెక్కకుండా నడిచి కొనుక్కుంది. మూడోది మా అమ్మది. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానక్కా" అని తీసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఆ తగువు ఇంకా తేలలేదు.

వాటి అసలు పేర్లు నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఇంట్లో అందరం గొడుగుది, పసుపుది, మీసాలాయనది అనే అనేవాళ్ళం. అట్ట మీద ఏముంటే అదే పేరు. గొడుగుదాంట్లో ఒక్క గాయనే అన్ని పాటలూ పాడుతుంది. పసుపుది నలుగురు స్నేహితుల బృందం, దరువుల హోరు. మీసాలాయన మాత్రం నిదానం. ఎవరో మన పక్కన కూర్చుని కష్టం చెప్పుకుంటున్నట్టు పాడతాడు. ఒక్కోదాంట్లో ఎనిమిది పాటలు, పక్కకి నాలుగు. మొత్తం ఇరవై నాలుగు.

అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గది. మా అమ్మ ఇప్పటికీ అంటుంది: "ఆ మోత వింటూ చదివి పదో తరగతి తప్పింది నేను. మార్కులు తెచ్చుకుంది అది!"

ఇరవయ్యో ఏట పిన్ని బట్టల మిల్లులో చేరింది. మగ్గాల షెడ్డులో రెండు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అక్కడివాళ్ళంతా పెదాలు చూసి మాటలు పోల్చుకుంటారు. పిన్నికి ఆ విద్య నెలలో పట్టుబడింది. చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చేవారట. అవి పెట్టుకుంటే మగ్గం చప్పుడులో తేడా తెలియదని తీసి జేబులో వేసుకునేది. పనిమంతురాలు కదా! ఆ పనితనానికి మిల్లు ఇచ్చిన బహుమతి ఏమిటంటే, నలభై ఏళ్ళు వచ్చేసరికి రెండు చెవులూ పోయాయి.

అప్పుడు ఆవిడను తనిఖీ బల్ల దగ్గరకి మార్చారు. కింద దీపాలున్న గాజుబల్ల మీదుగా బట్ట సాగిపోతూ ఉంటుంది. తప్పిన పోగు, ముడి, నూనె మరక కనిపిస్తే ఆపి గుర్తు పెట్టాలి. కళ్ళలో వత్తులు వేసుకుని చూసే పని. అలా చూస్తూనే పిన్ని పాడుకునేది. పొద్దున గొడుగుది మొదలుపెడితే, ఒకటి తర్వాత ఒకటి, మీసాలాయన రెండో పక్క అయిపోయేసరికి భోజనాల వేళ. బెల్లు వినపడకపోయినా సరిగ్గా ఆ నిమిషానికి లేచి డబ్బా తెచ్చుకునేది. తోటివాళ్ళు ఆవిడకి 'రేడియో' అని పేరు పెట్టారు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఇక్కడ శంఖం ఊదేది కూడా నేనే" అని ఆవిడే నవ్వేది.

పన్నెండేళ్ళు అలా గడిచాయి. పోయినేడు కుడి చెవికి ఆపరేషన్ చేసి, ఎముక లోపల చిన్న పరికరం అమర్చారు. బయట అయస్కాంతంతో అంటుకునే బిళ్ళ. నెల తర్వాత దాన్ని ఆన్ చేసినరోజు మా అమ్మ ఎదురుగా కూర్చుని, "ఏమే, వినపడుతోందా?" అంది.

పిన్ని మొహం చిట్లించింది. "అక్కా, రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఊపుతున్నట్టుందే నీ గొంతు."

"మొదట్నుంచీ అంతే పిన్నీ. పరికరం బాగానే పనిచేస్తోంది" అన్నాను. మా అమ్మ నన్ను కొట్టింది.

డాక్టరమ్మ నవ్వి, చెవి ఇప్పుడు ఓనమాలు దిద్దుకోవాలంది. బాగా తెలిసిన గొంతులు వినాలి, బాగా తెలిసిన పాటలు వినాలి. "చిన్నప్పుడు ఇష్టంగా విన్నవేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

పరీక్ష పెట్టే పని నాది. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. బ్రేకు తొక్కమంటే క్లచ్చు తొక్కేవాళ్ళతో రోజంతా గడిపే మనిషిని. నాకు ఓపిక ఉందని అందరూ అనుకుంటారు గానీ, ఉన్నది నా కాళ్ళ కింద ఇంకో బ్రేకు. మూడు ఆల్బమ్‌లూ ఫోన్లో వెతికి పట్టుకున్నాను. ఆదివారం పిన్నిని గోడవైపు కూర్చోబెట్టి గొడుగుది పెట్టాను. ఒక్కో పాటకీ పేరు చెప్పమన్నాను.

ఇరవై నాలుగుకి ఇరవై నాలుగూ చెప్పింది.

మా అమ్మ ఏడ్చేసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రమయ్యేసరికి చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి. నేను కూడా స్కూల్లో పదిమందికి చెప్పుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం పిన్ని నేరుగా డ్రైవింగ్ స్కూలుకొచ్చింది. అప్పుడే ఒకాయన గేటుని గుద్దబోయి దిగి వెళ్ళాడు. ఆయన దిగిన సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"నిన్న గిన్నెలు తోముతూ పసుపుది పెట్టుకున్నానే. కుళాయి ఒకపక్క, ఫ్యానొకపక్క. రెండో పక్క పాటలు నాలుగూ కమ్మగా విన్నా. చేతులు తుడుచుకుని చూస్తే ఫోను చచ్చి పడుంది. చార్జింగు లేక ఆ పక్క రెండో పాటకే ఆగిపోయిందట. మీ బాబాయి చూశారు."

"మరి తర్వాత రెండూ?"

"నా బుర్రలో మోగాయి." కిటికీలోంచి బయటకి చూసింది. "ఆదివారం కూడా అదే అయ్యుంటుంది. నువ్వు వరసలో పెట్టావు కదా."

అవును, వరసలోనే పెట్టాను. నేను ఫోన్ల కాలంలో పుట్టినదాన్ని. నాకు ఏ పాట తర్వాత ఏ పాటైనా వస్తుంది. క్యాసెట్టు విన్నవాళ్ళకి అలా కాదు. ఒక పాట అయ్యి, ఆ నాలుగు క్షణాల ఖాళీ రాగానే, తర్వాతి పాట లోపల దానంతటదే మొదలైపోతుంది. పిన్ని పాటలు వినలేదు. ఖాళీలు విని లెక్కపెట్టుకుంది, అంతే. అబద్ధమాడలేదు, మోసం చెయ్యలేదు. తనకి నిజంగా వినపడుతోందనే అనుకుంది.

"వరస మార్చి పెట్టు" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అద్దాలెత్తు."

మూడు ఆల్బమ్‌లూ కలగాపులగం చేసి పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నది. ఇరవై నాలుగులో మూడు వచ్చాయి. అవీ పసుపువే, దరువు పట్టి పోల్చినవి. తొమ్మిది వచ్చాయని చెబుదామని నోరు తెరిచాను.

"అబద్ధం చెప్పకు. పన్నెండేళ్ళు మొహాలు చదువుకుని బతికా" అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడుపు నాకొచ్చింది. ఆవిడ మాత్రం బ్యాగు సర్దుకుంటూ, "మీ అమ్మకి చెప్పు. ఎవరెవరికి ఫోన్ చేసిందో వాళ్ళందరికీ మళ్ళీ చేసి, తప్పు చెప్పాననమను" అంది. మా అమ్మ పరువు పోతుందని మొత్తుకుంది. పిన్ని వినలేదు. ఎదురుగా కూర్చుని పద్నాలుగు ఫోన్లూ చేయించింది.

తర్వాతి వారం డాక్టరమ్మ దగ్గరకి నేనే తీసుకెళ్ళాను. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ పరికరం మాటల కోసం తయారైంది. పాట దీనికి చాలా బరువు. కొందరికి కొంత వస్తుంది, చాలామందికి రాదు.

"మీరు మాటల్లో చాలా బాగా చేస్తున్నారమ్మా. అది చాలు కదా?"

"మాటలు కళ్ళతో కూడా వినొచ్చు డాక్టరమ్మా, ఇన్నాళ్ళూ అలాగే విన్నా" అంది పిన్ని. "పాటకి పెదాలుండవు కదా. నాకు పాట కావాలి. ఎంతకాలం పడుతుంది?"

"చెప్పలేనమ్మా."

"సరే. మొదలుపెడతా."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా పిన్ని. వారానికి ఒక్క పాట చొప్పున తీసుకుంది. రోజూ డ్యూటీకి ముందు గోడవైపు తిరిగి కూర్చునేది. బాబాయి పాటని ఎక్కడో మధ్యలో మొదలుపెట్టేవాడు. ముందు దరువు అందుకుని బల్ల మీద వేళ్ళతో వెయ్యాలి. తప్పితే మళ్ళీ. అది కుదిరాక, పాడేది ఆడా మగా చెప్పాలి. అదీ కుదిరాక గొంతు పైకి పోతోందా కిందికొస్తోందా చేత్తో చూపించాలి. ఈ మూడోది నరకం. ఒక్క పాటని పొద్దున్నే పదిహేనుసార్లు వినేసరికి బాబాయికి ఆ పాటంటేనే విరక్తి పుట్టింది. పక్కింటి పిల్లలకి మాత్రం నోటికొచ్చేసింది.

ఆదివారాలు నా పరీక్ష. వరస మార్చి. మూడు, ఐదు, నాలుగు, ఆరు, తొమ్మిది. మూడో నెలలో ఒకసారి మార్పు కోసం కొత్త పాటొకటి పెట్టాను. అంతా తేనెటీగల తుట్టె కదిలినట్టుందని, ఇక అలాంటివి పెట్టొద్దని గట్టిగా చెప్పింది. "తెలిసినవే రావట్లేదు, తెలియనివేం వస్తాయే" అంది. ఆ రోజు ఆవిడ భయపడిందని నాకు తర్వాత అర్థమైంది.

ఆ పై వారం తొమ్మిది కాస్తా మళ్ళీ ఆరయ్యింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇక చాలు పిన్నీ! ఊరికే ఊహించి చెప్తున్నావు. ఎందుకీ పంతం?"

పిన్ని గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "నీ దగ్గర నేర్చుకునేవాళ్ళకి బండి మధ్యరోడ్డు మీద ఆగిపోతే ఏం చెప్తావు?"

"మళ్ళీ స్టార్ట్ చెయ్యమంటాను."

"మరి చెయ్యి."

చేశాను.

ఎనిమిదో నెలకి ఇరవై ఒకటి వచ్చాయి. అమ్మ ఆనందంతో ఫోను తీసుకుంది. "ఈసారి చెప్పొచ్చా?"

"వద్దు" అంది పిన్ని. సంతోషంగా లేదు. "అక్కా, ఈ పాటలు నాకు ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలుసు. కాస్త దరువు అందితే చాలు, మిగతాదంతా నేనే నింపుకుంటున్నానేమో. నేను వింటున్నానో, గుర్తు చేసుకుంటున్నానో నాకే తెలియట్లేదే."

అమ్మ ఫోను పక్కన పెట్టేసింది. మరుసటి వారం పరీక్ష పెడతానంటే, "అవే పాటలు కదా, ఏం తేలుతుంది" అంది. ఆవిడ నోటివెంట అలాంటి మాట రావడం నేనెప్పుడూ వినలేదు. అయినా పొద్దున్నే గోడ ముందు కూర్చోవడం మాత్రం మానలేదు.

మొన్న ఒకరోజు బాబాయి స్కూటరు మొరాయించింది. పిన్నిని మిల్లు దగ్గర దింపడానికి నా స్కూలు కారులో ఎక్కించుకున్నాను. దారి పొడుగునా మీసాలాయన పాడాడు. మిల్లు గేటు కనబడుతుండగా పాట అయిపోయింది. ఫోను దాని ఇష్టం వచ్చినట్టు ఇంకేదో మొదలుపెట్టింది. ఆపడానికి చెయ్యి చాపాను. పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"ఉండు."

కారు పక్కకి తీసి ఇంజను ఆపేశాను. పిన్ని తల కొంచెం వంచి, తనిఖీ బల్ల మీద పోగు వెతుకుతున్నట్టే నొసలు ముడిచి కూర్చుంది.

"ఇది నా ఇరవై నాలుగులోది కాదు."

"కాదు పిన్నీ."

"చెప్పకు, నన్నే చెప్పనీ. ఆడపిల్ల. చిన్నపిల్లే. ఒక్కతే పాడుతోంది. దరువు లేదు." ఆగింది. "వెనకాల ఏదో సాగదీస్తున్నారు... వయొలినా?"

వయొలినే. తలాడించాను.

"ఇది నేనెప్పుడైనా విన్నానంటావా? స్కూల్లోనో, ఎక్కడో?"

ఫోను చూశాను. "పోయిన నెల వచ్చిందట."

పిన్ని మళ్ళీ పెట్టమని చేత్తో సైగ చేసింది. పెట్టాను. మూడోసారి ఆ పిల్లతో పాటు తనూ సన్నగా కూనిరాగం తీసింది. శ్రుతి అంతంతమాత్రమే. కానీ ఆ పిల్ల గొంతు లేచినచోట ఈవిడ గొంతూ లేచింది, దిగినచోట దిగింది. గుర్తు చేసుకోవడానికి లోపల ఏమీ లేని పాట అది. మా పిన్ని వింటోంది.

మిల్లు బెల్లు మోగింది. పిన్ని అటు చూసింది, విన్నది కూడా. జనం గేటులోకి వెళ్ళిపోతున్నారు.

"పిన్నీ, టైమైంది. సాయంత్రం నీ ఇరవై నాలుగూ పెట్టి చూద్దాం."

"అవి ఎక్కడికీ పోవు" అంది కళ్ళు తుడుచుకుంటూ. సీటు బెల్టు మాత్రం తియ్యలేదు. "ఇంకోటి పెట్టు. నాకు తెలియనిదే పెట్టు."