ఓర్వకల్లు నుంచి గంట

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్లవాళ్లందరికీ ఎలీషా తెలుసు. అతను చెక్కేవాడు కాదు. చెక్కిన విగ్రహాల కింద గడ్డి పరిచి, వ్యానులో ఊరూరికీ చేర్చేవాడు. భార్య జీవమ్మ ఊళ్లోనే చర్చి బడిలో రెండో తరగతికి టీచరు.

నిరుడు వానాకాలంలో శిరివెళ్ల దాటాక ఎలీషా బైకు బురదలో జారింది. తల రోడ్డుకు కొట్టుకుంది. నంద్యాలకు, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయారు.

కర్నూలు ఆస్పత్రిలో డాక్టరు జీవమ్మను, ఎలీషా తల్లి దానమ్మను కూర్చోబెట్టి మాట్లాడాడు. మెదడు చచ్చిపోయిందని, మిషనే ఊపిరి ఆడిస్తున్నదని చెప్పాడు. గుండె మాత్రం బాగుందట. చెన్నైలో ఒకతను గుండె కోసం ఎదురుచూస్తున్నాడట.

“తీసినాక నాలుగు గంటలు దాటితే పనికిరాదమ్మా. రోడ్డు మీద పోతే ఎనిమిది గంటలు. ఓర్వకల్లులో విమానం ఎక్కిస్తే గంటలో దిగుతుంది.”

జీవమ్మ డాక్టరు జేబు మీది ఇంకు మరకను చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు.

“గుండె తీసినంక నా కొడుకును ఎట్ల పూడ్చేదప్పా?” అని అడిగింది దానమ్మ.

“కుట్లు వేసి, శుభ్రంగా గుడ్డ చుట్టి ఇస్తాం పెద్దమ్మా.”

దానమ్మ కోడలివైపు తిరిగింది. “నీకేమనిపిస్తాంది మే?”

“ఏమీ అనిపిచ్చలేదత్తా.”

దానమ్మ కొంగు మెలిపెట్టుకుంది. “దావలో ఎవురి బండి ఆగిపోయినా దిగి నూకేటోడు వాడు. ఇయ్యమ్మా” అంది. జీవమ్మ సంతకం పెట్టింది.

మరునాటి ఉదయం పోలీసులు రోడ్డు ఖాళీ చేయించారు. గుండె ఉన్న పెట్టె ఎక్కించుకున్న అంబులెన్సు కూత పెడుతూ పోవడం జీవమ్మ ఆస్పత్రి వరండాలోంచి చూసింది. ఎవరో టీ ఇస్తే తాగింది. తాగాక అందులో చక్కెర ఉందో లేదో గుర్తు రాలేదు.

శవాన్ని మధ్యాహ్నం ఇస్తే ఆస్పత్రి బండిలో ఆళ్లగడ్డకు బయలుదేరారు. ఓర్వకల్లు దగ్గర డ్రైవరు చెయ్యి చూపించి, “ఈడనే ఎక్కించినారక్కా విమానం” అన్నాడు. జీవమ్మ అటు చూసింది. గోడ, ముళ్ల కంచె, ఎండిన గడ్డి. నంద్యాల ఇంకా రాకముందే ఫోను మోగింది. అవతలివాళ్లు చెప్పింది విని, “సరే సార్” అని పెట్టేసింది.

“ఎవురు?” అంది దానమ్మ.

“ఆస్పత్రోళ్లు. ఆడ కొట్టుకుంటాందంట.”

దానమ్మ గుడ్డ మీద నుంచే కొడుకు పాదం పట్టుకుంది. ఆళ్లగడ్డ వచ్చేదాకా వదల్లేదు.

సమాధి అయ్యాక పదిహేను రోజులకు జీవమ్మ బడికి వెళ్లింది. పిల్లలకు ఎక్కాలు చెప్పింది. ఇంటికి వచ్చి వండింది. చర్చిలో ఆడవాళ్లు ఓదారిస్తే తల ఊపేది. ఏ పని చేసినా చేతులు ఎవరివో అన్నట్టు ఉండేవి.

ఈ ఏడాది కర్నూలులో ఆస్పత్రివాళ్లు అవయవదానం సభకు ఆమెను పిలిచి శాలువా కప్పారు. గుండెను ఎంత తొందరగా చేర్చారో ఒకాయన మైకులో చెబితే చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక జీవమ్మ డాక్టరును పక్కకు పిలిచి, “గుండె పెట్టినారే, ఆయప్ప ఎట్లుండాడు సార్?” అని అడిగింది. పేరు చెప్పకూడదని అంటూనే డాక్టరు, అతను బాగున్నాడని, మెట్లు ఎక్కుతున్నాడని చెప్పాడు.

చీకటి పడుతుండగా ఇల్లు చేరింది.

“ఏమన్నారు?” అంది దానమ్మ కంచంలో అన్నం పెడుతూ.

“మెట్లెక్కుతాండాడంట.”

“ఆయాసం లేకుండానా?”

“అది అడగల్యా అత్తా.”

దానమ్మ పప్పు పోసింది. నిరుటి నుంచి లేనిది, ఆ పూట జీవమ్మ మారు అన్నం పెట్టించుకుంది.