బెర్గెన్‌లో బస్సెక్కొద్దన్న మనిషి

కువైట్ యుద్ధమప్పుడు సౌదీలో మేం పనిచేసే చమురు రేవు రాస్ తనూరాలో సైరన్ మోగితే అందరం మెస్ కింది గదిలో దాక్కునేవాళ్లం. పూర్వం యూరప్ విహార ఓడలో పనిచేసి వచ్చిన మా వంటమనిషి, మాకు భయం తెలియకుండా నేలమీద వేలితో ఆ ఓడ ఆగే ఊళ్ల దారులు గీసేవాడు.

“బెర్గెన్‌లో బస్సెక్కొద్దు బాబూ. నీటెంబడే నడిస్తే సేపల బజారొస్తాది. టాలిన్‌లో జనం రాకముందే కోట గోడెక్కాల.”

యుద్ధం ముగిసిన మూడేళ్లకు నేనూ నా భార్యా అలాంటి ఓడ ప్రయాణానికే టికెట్లు కొన్నాం. బెర్గెన్ కొండమీంచి ఊరెలా ఉంటుందని, ఇంకా మా మెస్‌లోనే ఉన్న అతన్ని అడిగాను.

“తెలీదు బాబూ. నానెప్పుడూ ఓడ దిగలేదు. బట్టలుతికీవోడిని, ఓడ ఆగిన పూటే ఉతుకుడెక్కువ. సూసొచ్చినోళ్లు సెప్పుకుంటంటే ఇన్నాను.”

ప్రతి సందూ, ప్రతి మలుపూ చెప్పిన మనిషి!

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. “సూసొచ్చి సెప్పండి బాబూ, ఆ కొండమీంచి ఓడ ఎంత కనిపిస్తాదో.”