ఉత్తరం వైపు తల

దయ్యాలున్నాయని నేను నమ్మను. ఇది రాస్తున్నది కూడా నమ్మి కాదు. చదివి నన్ను తమ జట్టులో కలుపుకుందామనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను, నేను రాను.

పోలీస్ యాక్షన్ తర్వాతి చలికాలం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో శానిటరీ ఓవర్సీరుగా పనిచేస్తున్నాను. కొత్త సిపాయిల బ్యారక్‌లో మెదడు పొర జ్వరం పుట్టింది. పొద్దున తలనొప్పి, సాయంత్రానికి మెడ బిగుసుకోవడం, ఒంటి మీద ఊదారంగు మచ్చలు. అప్పటికే ఇద్దరు పోయారు. మా తమ్ముడు రత్నం ఆ బ్యారక్‌లోనే ఉన్నాడు.

రోగం ఊపిరితో, దగ్గుతో అంటుకుంటుంది. కిటికీలు తెరిపించాను. మంచాలు ఎడం చేయడానికి స్థలం చాలక, ఒకరి తల పక్కన మరొకరి కాళ్లు వచ్చేట్టు పడుకోమన్నాను. అంటే సగం మంది తలలు ఉత్తరానికి.

"ఉత్తరం దిక్కు తలవెట్టేది పీనుగ, సారూ. మేమింకా సావలే," అన్నాడు రత్నం పక్క మంచం మల్లేశం. అందరూ నవ్వారు.

"గిట్లనే పండుకుంటే అదీ అయితది," అన్నాను.

నా ఎదుట తిరిగేవారు. నేను వెళ్లగానే తలలన్నీ మళ్లీ దక్షిణానికే. మాది క్రైస్తవ కుటుంబం, ఆ పట్టింపు లేదు. అయినా నలుగురూ నవ్వుతారని రత్నమూ అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం లాలాగూడ చర్చిలో ఒక పెళ్లి. హార్మోనియం వాయించింది నేను. చర్చి నిండా సాక్షులున్నారు.

మర్నాడు బ్యారక్‌కు వెళ్తే రత్నం దిండు ఉత్తరం వైపుంది. మెచ్చుకున్నాను. వాడు ముఖం ముడుచుకున్నాడు.

"అందరి ముందట కాళ్లు వట్టి గుంజి తిప్పితివి గదా అన్నా. ఇజ్జత్ తీసినవ్."

"ఎప్పుడు?"

"నిన్న పగటిపూట, పండుకున్నప్పుడు. మళ్ల తిరిగితే తంతా అంటివి."

మల్లేశం అందుకున్నాడు. "నన్ను సుత తిట్టిన్రు గద సారూ. నేనైతే తిరగలే."

గేటు దగ్గర కాపలా ఉన్న సిపాయిని అడిగాను. ఆదివారం మీరు రానే లేదన్నాడు. ఎవడో నా వేషం కట్టాడనుకుంటే, తోడబుట్టినవాడు నా గొంతు పోల్చుకోలేడా? కల అనుకుంటే, ఇద్దరికీ ఒకే కలా?

ఆ వారంలోనే మల్లేశానికి మెడ బిగిసింది. సల్ఫా మాత్రలు వేసినా దక్కలేదు. తిరిగి పడుకోకపోతే అతని దగ్గు నేరుగా తగలవలసిన తల రత్నానిది. వాడికి జలుబు కూడా చేయలేదు.

దయ్యమంటారా? దయ్యం కావాలంటే ముందు మనిషి చావాలి. నేను బతికే ఉన్నాను. దేవదూత అంటుంది మా అమ్మ. తంతానని బెదిరించే దేవదూత బైబిల్లో ఏ వాక్యంలో ఉందో చూపించమన్నాను.

రత్నం మాత్రం నావల్లే బతికానంటాడు. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లూ కాదంటాను. చెయ్యని పనికి దండం పెట్టించుకోను. ఆ రోజు వాణ్ణి తిప్పింది నేను కాదు. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.